చివరి కుర్చీలో వయొలిన్ పిల్ల, ఇంకొన్ని ఉత్తరాలు

పోయిన సంచికలో ఎవరో "వానలకు ఇంట్లో కూర్చుని ఏం చూస్తున్నారు?" అని అడిగితే, 'డూ యూ లైక్ బ్రామ్స్?' అనే కొరియన్ సీరియల్ మొదలుపెట్టానని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్తాను. అది 2020లో అక్కడి ఎస్‌బీఎస్ చానల్‌లో వచ్చింది, మొత్తం 16 ఎపిసోడ్లు. బిజినెస్ డిగ్రీ చేసేసి, మనసు ఆగక మళ్ళీ మొదటి నుంచి వయొలిన్ చదవడానికి అదే యూనివర్సిటీలో చేరిన సొంగ్-ఆ అనే అమ్మాయి, చిన్నప్పటి నుంచే పేరు మోసిన జున్-యంగ్ అనే పియానో అబ్బాయి, వాళ్ళ చుట్టూ స్నేహితులు. నేను ఇప్పటికి ఐదు ఎపిసోడ్లే చూశాను, కాబట్టి చివరికి ఏమవుతుందని అడిగినవాళ్ళకు ముందే దండం.

ప్రశ్న: అక్కా, మీరు రాశారని నేనూ నా ఫ్రెండూ హాస్టల్లో మొదలుపెట్టాం. రెండు ఎపిసోడ్లు అయ్యాయి, ఏమీ జరగడం లేదు. వాళ్ళు నడుస్తారు, ఆగుతారు, "అవునా" అంటారు, మళ్ళీ నడుస్తారు. నా ఫ్రెండ్ నిద్రపోయింది. ఆ సంగీతం తెలియకపోవడం వల్ల మాకు ఎక్కడం లేదా? ఇంకా చూడాలా, ఆపేయాలా?
డిగ్రీ సెకండియర్, నయీంనగర్, హనుమకొండ

జవాబు: నీ ఫ్రెండ్‌ని నిద్రపోనీ చెల్లీ, అందులో ఆ పిల్ల తప్పేం లేదు. నేనూ మొదటి ఎపిసోడ్ సగం బట్టలు మడతపెడుతూనే చూశాను. ఫోన్ దిండుకు ఆనించి, ఒక కన్ను దాని మీద, ఒక కన్ను చీరల మీద. చేతిలో ఉన్న దుప్పటి అట్లాగే ఆగిపోయింది మాత్రం ఆర్కెస్ట్రా రిహార్సల్ సీను దగ్గర.

నువ్వూ చూసే ఉంటావు. వాళ్ళ కాలేజీ ఆర్కెస్ట్రాలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో మార్కులే తేలుస్తాయి. మంచి మార్కులు వచ్చినవాళ్ళు ముందు, తక్కువ వచ్చినవాళ్ళు వెనక. సొంగ్-ఆ కుర్చీ చివరిది. అందరికంటే పెద్దది, 29 ఏళ్ళు, పక్కనున్నవాళ్ళంతా తనకంటే చిన్నపిల్లలు, అయినా చివరి కుర్చీయే. (వాళ్ళ పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడాది, కొత్త సంవత్సరం రాగానే ఇంకో ఏడాది కలుపుతారు కాబట్టి మన లెక్కకు 27, 28 వేసుకో.) రిహార్సల్ నడుస్తుండగా కండక్టర్ ఆమెను స్టేజీ దింపేస్తాడు. ఆమె వయొలిన్ పట్టుకుని దిగిపోతుంది. తర్వాత తెర పక్కన నిలబడి, తను ఉండాల్సిన స్టేజీ మీద జున్-యంగ్ పియానో వాయిస్తుంటే విని ఏడుస్తుంది. అవమానానికి ఏడుస్తుందా, ఆ సంగీతం అంత బాగుందని ఏడుస్తుందా అనేది మనకు చెప్పరు. సొంగ్-ఆ వేషం వేసిన పార్క్ ఉన్-బిన్ మొహంలో రెండూ ఉంటాయి.

నాకెందుకు అంత తగిలిందో చెప్తాను. చిన్నప్పుడు వరంగల్‌లో ఒకచోట నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. సరళీ స్వరాలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణంలోకి వచ్చాను. వార్షికోత్సవానికి పన్నెండు మంది పిల్లలం కలిసి ఒక కృతి వాయించాలి. నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టారు, సరే. ముందు రోజు సాయంత్రం మాస్టారు నా దగ్గరికి వచ్చి వంగి, ఎవరికీ వినబడకుండా, "నువ్వు బో తీగకు తగిలించకు బిడ్డా, గాల్లోనే ఊపు" అన్నారు. బో అంటే వయొలిన్ తీగల మీద రాసే కమాను. ప్రేమగానే అన్నారు. మర్నాడు నేను పట్టులంగా వేసుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, ఏడు నిమిషాలు గాల్లో బో ఊపాను. పక్కపిల్ల చేతిని చూస్తూ, అది పైకి పోతే పైకి, కిందికి వస్తే కిందికి. కింద కూర్చున్న మా అమ్మ నేనే వాయిస్తున్నాననుకుని మురిసిపోయింది. ఈ ముచ్చట ఆమెకు ఇప్పటికీ తెలియదు, ఈ పత్రిక చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

అందుకని చెల్లీ, ఈ సీరియల్ చూడటానికి సంగీతం తెలియాల్సిన పని లేదు. చివరి కుర్చీ అంటే ఏంటో తెలిస్తే చాలు. అది నీ క్లాసులో కూడా ఉంది, ప్లేస్‌మెంట్ లిస్టులో కూడా ఉంది.

నువ్వు చెప్పిన ఆ నడకలూ "అవునా"లూ ఉన్నాయి చూడు, అక్కడ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మనకు అన్యాయం చేస్తున్నాయని నా అనుమానం. వాళ్ళిద్దరూ ఒకే వయసు. మన దగ్గరైతే రెండో రోజుకే "నువ్వు" అనేసుకుంటారు. వాళ్ళు మాత్రం పేరు చివర "షి" తగిలిస్తారు, అది మన "గారు" లాంటిది. మాటలన్నీ "మీరు" మర్యాదలోనే నడుస్తాయి. "భోంచేశారా సొంగ్-ఆ గారూ?" "చేశాను జున్-యంగ్ గారూ." ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే "యూ" కాబట్టి అదంతా ఎగిరిపోయి, ఎవరో ఇద్దరు మొహమాటస్తులు ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఈసారి చూసేటప్పుడు ప్రతి మాటకీ మనసులో "మీరు" పెట్టుకుని చూడు. ఆ "మీరు" వెనక ఇద్దరూ ఎంత దాచుకుంటున్నారో తెలుస్తుంది. నాకైతే మూడో ఎపిసోడ్ నుంచి ఆ నిదానమే నచ్చడం మొదలైంది.

నచ్చనిది లేదా అంటే ఉంది. స్నేహితురాలు ప్రేమించినవాడినే సొంగ్-ఆ ప్రేమించడం, స్నేహితుడి గర్ల్‌ఫ్రెండ్‌నే జున్-యంగ్ ప్రేమించడం. అటు ఒక ముక్కోణం, ఇటు ఒక ముక్కోణం, కొలతపెట్టి కోసినట్టు. ఒకటి చాలదా అనిపించింది. పైగా సియోల్ అంత పెద్ద ఊళ్ళో వీళ్ళు ఎక్కడికి పోయినా వీళ్ళకు వీళ్ళే ఎదురుపడతారు, హనుమకొండ చౌరస్తాలో మనకు చుట్టాలు ఎదురుపడ్డట్టు. ఇంకో రెండు ఎపిసోడ్లు చూడు. అప్పటికీ నిద్రే వస్తే ఆపేసి హాయిగా పడుకో, పరీక్షలేం లేవు దీని మీద.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు టీచరును. నా మనవరాలు పొద్దస్తమానం "బ్రామ్స్, బ్రామ్స్" అంటోంది. కాకతీయుల కాలంలో జాయప సేనాని నృత్త రత్నావళి అనే నాట్య గ్రంథం రాసిన ఈ నేల మీద కూర్చుని ఆ బ్రామ్స్ ఎవరో తెలుసుకోవాల్సిన ఖర్మ ఏమొచ్చింది? ఆ పేరు కథకు ఎందుకు పెట్టారు?
మంచిర్యాల

జవాబు: నమస్కారం సార్. ముందు మీ కోపం సగం తగ్గించే మాట ఒకటి చెప్తాను. ఆ బ్రామ్స్ మీ ఇంట్లోకి ఎప్పుడో వచ్చేశాడు. మనవరాలు పుట్టినప్పుడు ఉయ్యాలకు కట్టిన బొమ్మ కీ ఇస్తే టింగు టింగుమని ఒక ట్యూన్ మోగేదా? అలాంటి బొమ్మల్లో ఎక్కువగా మోగేది ఆయన 1868లో రాసిన జోలపాటే. మనం దాన్ని "బొమ్మ పాట" అనుకుని ఊరుకున్నాం.

జోహానెస్ బ్రామ్స్ జర్మనీవాడు, 1833లో పుట్టాడు. 1853లో, ఇరవై ఏళ్ళ కుర్రాడిగా, తన కాగితాల కట్ట పట్టుకుని రాబర్ట్ షూమాన్ అనే పెద్ద సంగీతకారుడి ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య క్లారా అప్పటికే యూరప్ అంతా పేరున్న పియానో కళాకారిణి, బ్రామ్స్ కంటే 14 ఏళ్ళు పెద్ద. రాబర్ట్ ఈ పిల్లాడిని నెత్తిన పెట్టుకున్నాడు, గొప్పవాడవుతాడని పత్రికలో వ్యాసం రాశాడు. నెలలు తిరగకముందే, 1854 ఫిబ్రవరిలో, మతి చలించి రైన్ నదిలో దూకాడు. బతికించారు గానీ ఆస్పత్రిలోనే ఉండిపోయి 1856లో పోయాడు. కడుపుతో ఉన్న క్లారా, ఇంటినిండా పిల్లలు. ఆ రెండేళ్ళూ ఆ ఇంటికి అండగా నిలబడింది బ్రామ్స్. ఆమెను ప్రేమించాడు, ఆ ఉత్తరాలు ఉన్నాయి. రాబర్ట్ పోయాక కూడా వాళ్ళు పెళ్ళి చేసుకోలేదు. ఆయన అసలు ఎవరినీ చేసుకోలేదు. నలభై ఏళ్ళ పైన స్నేహంగానే ఉన్నారు. 1896లో క్లారా పోయిందని తెలిసి బయల్దేరితే దారిలో రైలు తప్పిపోయి అంత్యక్రియలకు ఆలస్యంగా చేరాడని చెబుతారు. మరుసటి ఏడాది ఏప్రిల్లో ఆయనా పోయాడు.

ఇప్పుడు మీ మనవరాలి కథకొద్దాం. అక్కడి పియానో అబ్బాయి స్నేహితుడి ప్రియురాలిని మనసులో పెట్టుకుని ఏళ్ళకేళ్ళు నోరు మెదపడు. అంటే అతను బ్రామ్స్ స్థానంలో ఉన్నాడు. అందుకే "మీకు బ్రామ్స్ ఇష్టమా?" అంటే అతనికి గుచ్చుకుంటుంది. అది సంగీతం గురించిన ప్రశ్నలా ఉంటుంది, కాదు. షోపాన్ పేరు మీద పోలెండ్‌లో ఐదేళ్ళకోసారి జరిగే పోటీలో రెండో స్థానం తెచ్చుకున్నవాడు, ఒక్క బ్రామ్స్ అనేసరికి ముఖం తిప్పుకుంటాడు. ఆ సీరియల్ పేరు మాత్రం కొరియావాళ్ళది కాదు. ఫ్రెంచి రచయిత్రి ఫ్రాన్స్వాజ్ సగాఁ 1959లో ఇదే ప్రశ్నను తన నవలకు పేరుగా పెట్టింది.

ఇక ఈ నేల గురించి అన్నారు కదా సార్. మీరన్నది అక్షరాలా నిజం, పైగా జాయప గీత రత్నావళి అని ఇంకొకటి కూడా రాశాడంటారు, అది మనకు దొరకలేదు. కానీ వయొలిన్ మనకు ఆ యూరప్ వాళ్ళ దగ్గర నుంచే వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. వాళ్ళు గడ్డం కింద నొక్కి నిలబడి వాయించేదాన్ని మనం కిందికి దించి, కాళ్ళు మడిచి కూర్చుని, ఒక కొస పాదం మీద ఆనించుకున్నాం. తీగల శ్రుతి మార్చేసుకుని స-ప-స-ప కట్టుకున్నాం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని ఎవరైనా పరాయి వాద్యం అన్నారా? మనవరాలిని ఒకసారి రామప్పకు తీసుకెళ్ళి, అక్కడ మీటితే స్వరాలు పలికే శిల్పాన్ని చూపించండి. రోజంతా ఆ పిల్ల నోట బ్రామ్స్ మాట రాదు. సాయంత్రం ఇంటికొచ్చాక మీరు ఒక ఎపిసోడ్ ఆమెతో చూడండి, లెక్క సరిపోతుంది.

ప్రశ్న: మేడమ్, సూటిగా అడుగుతున్నా. ఇద్దరూ ఇష్టమని ఎన్నో ఎపిసోడ్లో చెప్పుకుంటారు? అంతవరకు ఫార్వర్డ్ చేస్తా.
కాజీపేట

జవాబు: ఐదు చూశాను, ఇంకా చెప్పుకోలేదు. ఫార్వర్డ్ చేస్తే పుట్టినరోజు సీను పోతుంది, పోనివ్వకండి. జున్-యంగ్ బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా మొదలుపెడతాడు, మనం ఏదో బరువైన వ్యవహారం అనుకుంటాం. ఎడమ చెయ్యి అదే ధోరణిలో పోతుంటే మెల్లగా లోపలి నుంచి హ్యాపీ బర్త్‌డే పాట బయటపడుతుంది. కేకు లేదు, బెలూన్లు లేవు. అంతకంటే మంచి గిఫ్టు మీరు ఎవరికైనా ఇచ్చి ఉంటే నాకు రాయండి, వేసుకుంటాం.

ప్రశ్న: చెల్లీ, నా బిడ్డ బీటెక్ అయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. 24 ఏళ్ళు. ఈ సీరియల్ చూసి, ఉద్యోగం మానేసి వయొలిన్ నేర్చుకుంటానంటోంది. ఇంట్లో ఒకటే గొడవ. వాళ్ళ నాన్న మాట్లాడటం మానేశాడు. ఆ సీరియల్ పిల్లలను పాడుచేస్తోందని మీరైనా రాయాలి.
జమ్మికుంట

జవాబు: అక్కా, ఆ మాట నేను రాయలేను, ఎందుకంటే అది అట్లా లేదు. మన సినిమాల్లో అయితే ఇష్టం ఉంటే చాలు, ఒక్క పాటలో హీరోయిన్ స్టేజీ ఎక్కేస్తుంది. ఇక్కడ ఆ పిల్ల ఇష్టానికి కట్టే కిస్తీ ప్రతి ఎపిసోడ్‌లో చూపిస్తున్నారు. మ్యూజిక్ కాలేజీ ప్రవేశ పరీక్ష ఒకటికి నాలుగుసార్లు రాసి సీటు తెచ్చుకుంది. వచ్చాక చూస్తే చుట్టూ ఉన్నవాళ్ళు బడికి పోకముందే వయొలిన్ పట్టినవాళ్ళు. ఈమె రాత్రింబగళ్ళు కష్టపడినా ఆ పదిహేనేళ్ళ తేడా పోదు. ప్రొఫెసర్ దగ్గర పనులు చెయ్యాలి, చిన్నవాళ్ళ ముందు తగ్గి ఉండాలి, ఇంట్లో వాళ్ళు సంతోషంగా లేరు. ఒక సీనులో పియానో పక్కన నిలబడి నోట్స్ కాగితాలు తిప్పే పని చేస్తుంది. మన కచేరీల్లో తంబురా వేసేవాళ్ళలాగన్నమాట, చివరిదాకా అక్కడే ఉంటారు, చప్పట్లు మాత్రం వాళ్ళవి కావు. ఇదంతా చూసి కూడా మీ బిడ్డకు వయొలిన్ మీద మనసు పోయిందంటే, అది సీరియల్ మోజు కాకపోవచ్చు కూడా.

అలాగని ఉద్యోగం మానేయమనీ అనను. నాకు అందులో మొహమాటం లేదు. ఎనిమిది నెలల ఉద్యోగం విసుగు ఎవరికైనా ఉంటుంది. వయొలిన్ విసుగు దానికంటే పెద్దది, మొదటి ఏడాది అంతా మీ చెవికే నచ్చని శబ్దం మీరే తెప్పిస్తుంటారు. హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, వెళ్ళి కోర్సులూ టైమింగులూ అడగమనండి. ప్రభుత్వ కాలేజీల్లో సర్టిఫికెట్ నాలుగేళ్ళు, ఆ పైన డిప్లొమా రెండేళ్ళు. ఆ లెక్క వినగానే మొహం చిన్నబోతే మీకు తెలిసిపోతుంది. "పర్లేదమ్మా, ఆరేళ్ళకు నాకు ముప్పై" అంటే మాత్రం, అక్కా, వాళ్ళ నాన్నతో నేను మాట్లాడతాను, నంబరు పంపండి.

ఇంకొకటి. మీరు ఆమెను ఎందుకని అడిగారా? ఉత్తరంలో గొడవ రాశారు, ఆమె ఏమందో రాయలేదు.

ప్రశ్న: అక్కా, నేను ఎనిమిదో తరగతి. వయొలిన్ ఎంత ఉంటుంది? మా అన్న గిటారే ఈజీ అంటున్నాడు. నిజమేనా? పాత వయొలిన్ కొనొచ్చా?
పరకాల

జవాబు: నిజమే నాన్నా, మొదట్లో గిటారే ఈజీ. గిటార్ మీద మెట్లు ఉంటాయి, వీణకైతే 24 ఉంటాయి, వేలు మెట్టు దగ్గర పెడితే స్వరం దానంతటది వస్తుంది. వయొలిన్ మీద ఒక్క గీత కూడా ఉండదు, నున్నటి నల్ల చెక్క. వేలు ఆవగింజంత జరిగినా స్వరం పక్కకు పోతుంది. చెవే నీకు దిక్కు. నేర్చుకునేవాళ్ళకు సరిపోయేది నాలుగైదు వేల నుంచి దొరుకుతుంది. కొనేముందు నీ చెయ్యి పొడవు కొలిపించుకో, ముప్పావు సైజూ ఫుల్ సైజూ వేరువేరుగా ఉంటాయి. అన్న చెయ్యి కొలిచి కొనకు.

పాతది కొంటే పగుళ్ళు చూసుకో, తీగలు బిగించే బిరడాలు తిరుగుతున్నాయో లేదో చూసుకో. ఆ సీరియల్‌లో సొంగ్-ఆ స్నేహితుడు వయొలిన్లు తయారుచేసి బాగుచేసేవాడు, దుకాణం ఎంత అందంగా ఉంటుందో. మనకు చుట్టుపక్కల అట్లాంటి దుకాణం నేను చూడలేదు, హార్మోనియం తబలా బాగుచేసే ఆయన దగ్గరికే పోవాలి, ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి "హైదరాబాద్ తీసుకుపోండి" అంటాడు.

నీ ఉత్తరం చదివాక నేనూ అటక మీద నుంచి నా పెట్టె దించాను. దుమ్ము దులిపి తెరిస్తే బోకు రాసే రోజిన్ బిళ్ళ రెండు ముక్కలై ఉంది, బో వెంట్రుకలు సగం ఊడాయి, నాలుగు తీగల్లో రెండు మిగిలాయి. ఉన్న రెంటినే శ్రుతి చేసి, తలుపేసుకుని, కాళ్ళు మడిచి కూర్చుని స పట్టాను. ఈసారి బో తీగకు గట్టిగానే తగిలింది. వంటింట్లో నుంచి అమ్మ అరిచింది: "ఏందే ఆ చప్పుడు? పిల్లి ఏమన్న ఇరుక్కుందా చూడు!"